చచ్చినవాడు భోజనానికి వచ్చిన పుస్తకం

బైండరు మాటల మనిషి కాదు. కానీ ఎవరైనా పుస్తకం కుట్టించుకోవడానికి వస్తే మాత్రం నోరు ఊరుకునేది కాదు. "ముప్పై ఏళ్ల నుంచి కుడుతున్నాను. ఒక్క కాగితం తారుమారైందని ఎవరిచేతనైనా అనిపించండి, ఈ సూది అవతల పారేస్తాను" అనేవాడు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు విప్పి, మళ్లీ కుట్టి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాడు.

ఆయన కుట్టినవాటిలో వీధి మొత్తానికీ ప్రాణమైనది ఒకటుంది. ఎదురుగా ఉన్న అద్దె పుస్తకాల షాపులోని 'ఒంటిరెక్క'. ఒకే ఒక్క ఇనుప రెక్కతో ఎగిరే వీరుడి బొమ్మల కథ. పన్నెండు సంచికల పై అట్టలు తీసేసి, పాతికేళ్ల కిందట ఒకే పుస్తకంగా కుట్టి ఇచ్చాడు.

అందులో ఏడో కథలో ముసుగు డాక్టరనే దుర్మార్గుడు గడియార స్తంభం మీంచి పడి చస్తాడు. ఎనిమిదో కథలో ఆ చచ్చినవాడే ఒంటిరెక్క ఇంటికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కడుపునిండా తిని, పోతూపోతూ బల్ల మీది తాళంచెవి జేబులో వేసుకుంటాడు. ఒంటిరెక్క ఏమీ అనడు. ఇంకాస్త వడ్డిస్తాడు.

"శత్రువు చచ్చి వచ్చినా అన్నం పెట్టాడు చూడండి, అదీ వీరత్వమంటే" అని షాపావిడ ప్రతి పాఠకుడికీ చెప్పి కళ్లొత్తుకునేది.

"మరి ఆ తాళంచెవి?"

"గుర్తుగా పట్టుకుపోయాడు, పాపం."

ఒక్క చిక్కు మాత్రం ఎవరికీ విడలేదు. ఏడో కథలో, కొట్లాట మధ్యలో రెక్క బిగుసుకుపోతే, ఒంటిరెక్క "నా తాళంచెవి ఏది?" అని అరుస్తాడు. ఎందుకు అరిచాడో తెలియదు. "రాసినవాడు పరాకు మనిషి. చేసే పని మీద ధ్యాస లేదు" అని బైండరు తేల్చేశాడు.

ఇన్నేళ్లకు ఒంటిరెక్క సినిమాగా వచ్చింది. మొదటి రోజు మ్యాట్నీకి వీధి వీధంతా కదిలింది. సినిమాలకు సెల్‌ఫోన్లో మార్కులు వేసే బైండరు బావమరిది ఆయన పక్కనే కూర్చున్నాడు. సగం కాకముందే ముసుగు డాక్టరు నిక్షేపంలా వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"అదేంటి, వీడింకా చావలేదే!" అంది వెనక నుంచి షాపావిడ.

"చచ్చాక కదా తినాలి!" అన్నాడు బావమరిది.

ముందు వరసాయన వెనక్కి తిరిగాడు. "చచ్చాక ఎవడు తింటాడండీ? సినిమా చూడనివ్వండి."

తెర మీద ముసుగు డాక్టరు తాళంచెవి కొట్టేశాడు. తర్వాతి సీన్లో స్తంభం మీద కొట్లాట. రెక్క బిగుసుకుపోయింది. "నా తాళంచెవి ఏది?" అని అరిచాడు ఒంటిరెక్క. హాలంతా అయ్యో అంది.

సినిమా అవగానే అందరూ పుస్తకాల షాపులో చేరారు. బావమరిది సినిమావాళ్లకు ఉత్తరం రాసి చదివాడు. "మూలకథను ఖూనీ చేశారు. చచ్చినవాడికి అన్నం పెట్టిన మహానుభావుణ్ణి, ఇంటికొచ్చిన దొంగను పోల్చుకోలేని దద్దమ్మను చేశారు. సాక్ష్యంగా మా పుస్తకం ఫోటోలు పంపుతున్నాం." కాగితం బైండరు ముందుకు తోశాడు. "మొదటి సంతకం నీదే బావా. కుట్టినవాడివి. నీ మాటకు తిరుగుండదు."

కలం చేతికి వచ్చింది. పెడితే, ముప్పై ఏళ్ల పేరు పదిలం. బైండరు పుస్తకం విప్పి ఏడో కథ చూశాడు. ఎనిమిదోది చూశాడు. కలం మూత పెట్టేశాడు.

"సినిమావాళ్లు పొల్లుపోకుండా తీశారు. తప్పు నాది."

"నీదేంటి?"

"సంచిక నంబరు పై అట్ట మీదే ఉంటుంది. అట్టలు ముందే తీసేశాను. ఈ రెండూ తారుమారుగా కుట్టాను. భోజనం ముందు, చావు తర్వాత."

బైండరు భార్య కల్పించుకుంది. "ఆ రోజు మీకు జ్వరమేమోనండీ."

"పాతికేళ్ల కిందటి జ్వరం నీకిప్పుడు గుర్తొచ్చిందా? జ్వరం లేదు, ఏమీ లేదు. పొగరు. మళ్లీ చూసుకోలేదు."

అని, కుట్లు విప్పడానికి జేబులోంచి చాకు తీశాడు. షాపావిడ పుస్తకాన్ని లాక్కుని గుండెలకు హత్తుకుంది.

"అన్నయ్యా, చాకు లోపల పెట్టు! దీనికోసం పాతికేళ్లు ఏడ్చాం. ఇప్పుడు అదంతా ఉత్తుత్తి ఏడుపంటావా?"

"తప్పును తప్పుగా వదిలేసి నేను ఇంటికెళ్లలేను చెల్లెమ్మా."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. బైండరు మొదటి పేజీ మీద ఒక చీటీ అంటించాడు: "ఏడు, ఎనిమిది కథలు తారుమారయ్యాయి. ముందు భోజనం చదవండి. పరాకు రాసినవాడిది కాదు, కుట్టినవాడిది."

చీటీ అందరూ చదువుతారు. ఆ ప్రకారం మాత్రం ఎవరూ చదవరు.

బావమరిది ఉత్తరం చింపలేదు. పైదంతా కొట్టేసి, "రెండో భాగంలోనైనా చచ్చినవాడికి ఒక పూట భోజనం పెట్టించగలరు" అని మార్చాడు. దానికి బైండరు మొదటి సంతకం పెట్టాడు.

ఇప్పుడూ ఎవరైనా పుస్తకం తెస్తే, "ముప్పై ఏళ్లలో ఒక్కసారి తప్ప తారుమారు కాలేదు" అంటాడు. ఆ ఒక్కసారి ఏమిటని ఎవరైనా అడగాలని ఆయన కోరిక. అడిగితే సూది పక్కన పెట్టి, ఎదురు షాపు చూపిస్తాడు.