జమ్మిచెట్టు దగ్గర చీలిన గొట్టం

నా అంగడికి వచ్చిన తుపాకుల్లో సగానికి సగం వాటిల్లో తుపాకి తప్పేమీ ఉండేది కాదు, తప్పంతా పట్టుకున్న మనిషిది. ఆ మాట పైకి అంటే మనుషులు ముఖం మాడ్చుకునేవాళ్లు. అయినా అనడం మానలేదు, వయసు వచ్చాక కాస్త గొంతు తగ్గించానంతే. కోయిలకుంట్లలో మా నాయన కాలం నుంచీ మాది అదే పని: తుపాకులు బాగుచేయడం, కాల్చిపారేసిన తూటాల్లో మళ్లీ మందు నింపడం. రెండింటికీ కలిపి సర్కారు ఇచ్చిన లైసెన్సు కాగితం గోడమీద చట్రంలో వేలాడేది. అది ఉంటే నేను పనివాణ్ని. అది లేకపోతే నా ఆకురాళ్లు, రంపాలు చూసి పోలీసులు పట్టుకుపోయే మనిషిని.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మద్రాసు నుంచి కొత్త తూటాలు రావడం గగనమైపోయింది. జొన్నచేలమీద పడే అడవిపందులకు మాత్రం యుద్ధంతో పనిలేదు, ఎప్పటిలాగే వచ్చేవి. అందుకని నేను నింపిన తూటాలకు గిరాకీ పెరిగింది, దాంతోపాటు నాకు పొగరూ పెరిగింది. నా చేతి తూటా గురి తప్పితే కాల్చినవాడు తన కన్ను చూపించుకోవాలని అంగట్లో కూర్చుని గొప్పలు పోయేవాణ్ని.

మా ఊరికి రెండు కోసుల దూరంలో ఒక పల్లె. ఆ పల్లె పెద్దరెడ్డి దగ్గర మా తాలూకాలో మరెక్కడా లేని తుపాకి ఉండేది. మీట నొక్కి కాల్చగానే గొట్టం మొత్తం వెనక్కి జరిగి మళ్లీ ముందుకొచ్చేది. ఆ ఊపులోనే ఖాళీ తూటాను బయటికి విసిరేసి, కొత్తదాన్ని తనంతట తానే ఎక్కించుకునేది. దాన్ని విప్పి శుభ్రం చేసిన రోజు రాత్రి నాకు అన్నం సహించేది కాదు, అంత ముచ్చటగా ఉండేది దాని లోపలి పనితనం. రెడ్డికి కూడా అదంటే ప్రాణం. నన్ను తప్ప ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు దసరాకు రెండు నెలల ముందు రెడ్డి భార్య కాలం చేసింది. ఆ ఇంట్లో ఏడాదిపాటు పండగ లేదు. అయితే జమ్మిచెట్టు దగ్గర తుపాకి పేల్చడం ఇంటి పండగ కాదు, ఊరి పండగ. ఆ దెబ్బ రెడ్డి చేతిమీదుగా పడితేనే జనం జమ్మి ఆకు తెంచుకుంటారు. అందుకని ఆయన ఒక్కడే తుపాకికి పసుపు కుంకుమ పెట్టుకుని, ఒక్కడే తీసుకుని వెళ్లాడు. చెట్టు దగ్గర ఆకాశంలోకి పేల్చాడు. గొట్టం మూతి జానెడు పొడవున చీలిపోయింది. ఒక ఇనప పెంకు వెళ్లి డప్పు చర్మాన్ని చించింది. దేవుడి దయ, మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఆ తుపాకిలో ఉన్నది నేను నింపిన తూటా.

మర్నాడే రెడ్డి బండి కట్టించుకుని నా అంగడికి వచ్చాడు. చాపమీద తుపాకి పెట్టి, నిలబడే మాట్లాడాడు. "నీ మందు ఏం జేసిందో సూడు సాయిబూ. ముందర దీన్ని సరిజెయ్. ఆమీన తాసిల్దారుకు కాగితం పోతాది." ఆ కాగితం పోతే నా లైసెన్సు పోయినట్టే. మందు ఎక్కువైతే తుపాకి వెనకవైపు, తూటా కూర్చునే చోట పగలాలి గానీ మూతి దగ్గర పగలదని చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పది ఊళ్ల తగవులు తీర్చిన చెయ్యి అది, ఎత్తితే ఎదుటివాడి నోరు దానంతటదే మూతపడేది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా తుపాకి తీసుకున్నాను. తీసుకోకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.

లైసెన్సులో తుపాకి పొడవు కూడా రాసి ఉండేది కాబట్టి, తాలూకా కచేరీలో చెప్పకుండా ఒక్క వేలెడు కోసినా నేరమే. రెడ్డి ఆ అనుమతి చీటీ కూడా తెచ్చి ఇచ్చాడు. చీలిన మేర తీసెయ్యడం పెద్ద పనేమీ కాదు. నా భయం వేరే. ఆ తుపాకి నడిచేదే గొట్టం బరువుతో, దాని ఊపుతో. పొట్టిచేస్తే గొట్టం తేలికవుతుంది. రెండో తూటా ఎక్కకపోతే అదీ నా నెత్తినే పడుతుంది. రెండు రోజులు దాన్ని ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుని బీడీలు కాల్చాను.

మూడో రోజు కోశాను. తెగిన ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే, చీలికకు కాస్త వెనగ్గా ఇనుము చుట్టూ ఉంగరంలా ఉబ్బి ఉంది. లోపల ఏదైనా అడ్డం పడితే గొట్టం అట్లాగే ఉబ్బుతుంది. చీలిన రెక్క మడతలో ఏదో ఇరుక్కుని ఉంది. సూదితో లాగితే మాడిన గుడ్డపేలిక వచ్చింది. కాలని చోట పసుపు రంగు, ఒక పక్కన రెండు నీలం పోగులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందు వాసన కింద పసుపు వాసన.

అప్పుడు అర్థమైంది. ఏటా దసరా ముందు ఆ ఇంట్లో ఆయుధాలు శుభ్రం చేసేవాణ్ని నేనే, వాళ్ల ఆచారం నాకు తెలుసు. పూజలో ఉన్న ఆయుధం నోరు తెరుచుకుని ఉండకూడదని పసుపు గుడ్డ చుట్టి తుపాకి మూతిలో దూర్చేవాళ్లు. పూజ అయ్యాక తీసేవాళ్లు. ఈసారి పెట్టారు, తియ్యలేదు. అంతే సంగతి. నేను లేచి అంగట్లోనే రెండు అడుగులు గంతువేశాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు పట్టరానంత సంతోషం వేసింది.

ఇంటికెళ్లి మా ఇంటామెకు చూపించాను. ఆమె సంతోషించలేదు. గుడ్డను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయప్ప పెండ్లాం పోయిన మనిషి. పదిమంది ముందర వద్దు. ఇంటికి పోయి చేతిలో పెట్టి రా," అంది. నా పేరు పదిమంది ముందరే పోయింది, పదిమంది ముందరే తిరిగి రావాలన్నాను. ఆమె పేలికను కాగితంలో మడిచి ఇచ్చింది. ఆడవాళ్లకు వ్యవహారం తెలియదని మనసులో అనుకున్నాను. ఆ రోజుల్లో నా తెలివి అట్లా ఉండేది.

శుక్రవారం నమాజు అయ్యాక తుపాకి తీసుకుని ఆ పల్లెకు పోయాను. మూతి నున్నగా చేసి, గురిచూసే ఇత్తడి గుండును మళ్లీ కూర్చోబెట్టాను. చూసేవాళ్లకు అది మొదటినుంచీ అంతే పొడవుందనిపించేది. ఊరి బయట వంక దగ్గరికి రెడ్డి వచ్చాడు, కాగితం కలం పట్టుకుని కరణం వచ్చాడు, పనీపాటా లేనివాళ్లు ఒక ఇరవైమంది వచ్చారు. అందరూ చూస్తుండగా నేను నింపిన తూటాలే రెండు ఎక్కించాను. దసరానాటి తూటా ఏ పెట్టెలోదో అవీ అందులోవే. ఆ సంగతి గట్టిగా చెప్పి మరీ ఎక్కించాను. ఒడ్డుమీదికి గురిపెట్టి కాల్చాను. ఖాళీ తూటా ఎగిరి పక్కన పడింది. రెండోది తానే ఎక్కింది, అదీ పేలింది. నా గుండె అప్పుడు కుదుటపడింది.

రెడ్డి గొట్టం నిమిరి చూశాడు. పని బాగుందన్నాడు. అని, కరణం వైపు తిరిగి తాసిల్దారుకు ఇంక రాయమన్నాడు.

నేను జేబులోంచి కాగితం మడత తీసి, రెడ్డి అరచేతిలో విప్పాను. ఇది మీ తుపాకి మూతిలో దొరికిందని అందరికీ వినబడేట్టు చెప్పాను. ఇంకా చాలా చెప్పాలని వారం రోజులుగా మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. మా నాయన నింపిన తూటాలు, నేను నింపినవి, ఇన్నేళ్లలో ఒక్కటీ తేడా చెయ్యలేదని, ఇట్లాంటివి.

రెడ్డి ఆ పేలికనే చూస్తున్నాడు. బొటనవేలితో ఆ నీలం పోగులను సవరించాడు. "ఇది ఆమె కోక అంచు," అన్నాడు. కరణం కలం ఆపాడు.

రెడ్డి తలెత్తాడు. నాతో కాదు, అందరితోనూ చెప్పాడు. "తప్పు సాయిబుది కాదు. గుడ్డ పెట్టింది నేనే. ఎప్పుడూ పెట్టేది ఆమె, తీసేది ఆమె. ఈ తూరి ఆమె లేదని గ్యాపకం పెట్టుకోని నేనే పెడితి. కాల్చేటప్పుడు, ఆమె తీసే ఉంటాదిలే అనుకుంటి."

కరణం రాసిన కాగితాన్ని రెడ్డే చించేశాడు. నేను గెలిచాను. నేను కోరుకున్నది కోరుకున్నట్టు, పదిమంది ముందరే. మా ఇంటామె మాట వినివుంటే ఈ మాట ఆయన తన ఇంట్లో, తలుపు వేసుకుని, నాకొక్కడికే చెప్పుకునేవాడు కదా అనిపించింది. తల ఎత్తుకోలేకపోయాను. కూర్చుకున్న మాటలు మింగేసి, కిందపడిన ఖాళీ తూటాలు ఏరుకున్నాను.

జనం కదిలాక రెడ్డి నా దగ్గరికి వచ్చాడు. పేలికను పంచె కొంగున ముడివేసుకుంటూ, "వచ్చే దసరాకు నువ్వు రా సాయిబూ. నేను పెడతా, నువ్వు తియ్యి. నా మింద నాకు నమ్మకం లేదు," అన్నాడు. సరేనన్నాను.

ఆయన బతికున్నంతకాలం పోయాను, మూడు దసరాలు. గుడ్డ తీసి, గొట్టంలోంచి వెలుతురు చూసి, తీశాను రెడ్డీ అని పైకి చెప్పేవాణ్ని. చెప్పినా ఆయన వెంటనే తుపాకి అందుకునేవాడు కాదు. ఇంటి లోపలివైపు ఒకసారి చూసి, అప్పుడు చెయ్యి చాపేవాడు.