హిల్డా నాలుక కింద మిరప గింజలు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకరిల్లినప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి పడకండి. క్షమించడమంటారా, అది మీ చేతిలో లేదు.

మిర్యాలగూడలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని. సాయంత్రాలు ఒక నవల రాసేదాన్ని. పేరు చెప్పను. వెయ్యేళ్ల కిందట నార్మన్లు ఇంగ్లండును గెలిచినప్పుడు అక్కడి దొరసానుల గతి ఏమైందన్నది కథ. మొగుళ్లు యుద్ధంలో పోయారు. గెలిచినవాళ్లు భూములతో పాటు వాళ్ల భార్యలనూ పంచుకున్నారు. ఆ పెళ్లిళ్లు తప్పించుకోవడానికి కొందరు మఠాల్లో చేరి సన్యాసినుల ముసుగు వేసుకున్నారు. నా హిల్డా కూడా వేసుకుంది. కానీ ఎన్ని పేజీలు రాసినా ఆమెలో ప్రాణం లేదు. భక్తి నటించే మనిషి లోపల ఏం జరుగుతుందో నాకేం తెలుసు?

సైదమ్మకు తెలుసు.

వేములపల్లి నుంచి మాకు పాలు తెచ్చేది. కాసిని గొర్లు, రెండు బర్రెలు, మూడెకరాల పొలం. భర్త పోయి ఏడాది తిరక్కుండానే మరిది ఆమెను చేసుకుంటానన్నాడు. వాడికి కావలసింది ఆమె కాదు, పొలం. పట్టా ఇంకా మామ పేరు మీదే ఉంది. అప్పటినుంచి సైదమ్మకు ప్రతి మంగళవారం ఎల్లమ్మ పూనడం మొదలైంది. ఒళ్లంతా పసుపు, ఎర్రటి కళ్లు, ఊగిపోవడం. అమ్మవారి మనిషిని ఎవడు ముట్టుకుంటాడు? మరిది గడప అవతలే ఆగిపోయాడు.

ఒకరోజు మా వంటింట్లో చాయ్ తాగుతూ, నవ్వుతూ చెప్పేసింది. అమ్మవారూ లేదు, ఏమీ లేదు. నాలుక కింద దాచుకున్న ఎండుమిరప గింజలు కొరికితే కళ్లు వాటంతటవే ఎర్రబడతాయట.

ఆ వారమే హిల్డా నాలుక కింద మిరప గింజలు పెట్టాను. హిల్డా లేచి కూర్చుంది. ఇది తప్పా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, దేశమే మార్చాను. నా తప్పు పుస్తకంలో లేదు.

సూర్యాపేటలో పుస్తకం మీద చిన్న సభ పెట్టారు. చివర్లో ఒక టీచరు లేచి, మిరపకాయ ఇంగ్లండుకు చేరింది ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు కదా మేడం, అంది. హాల్లో నవ్వులు. చరిత్ర చెప్పేదాన్ని, ఆ మాత్రం చూసుకోలేదు! మన కూరలో కారం ఎప్పుడూ ఉంది కదా, అందరి కూరల్లోనూ ఉంటుందనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వులకు తట్టుకోలేక మైకు లాక్కున్నాను. కాలం తప్పయితే కావచ్చు, కిటుకు మాత్రం నిజం, వేములపల్లిలో అమ్మవారు పూనే ఒకామె ఇలాగే చేస్తుంది, నాతో తనే చెప్పింది అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ టీచరు కొట్టలేదు. ఆమె సైదమ్మ ఆడబిడ్డ అని తర్వాత తెలిసింది.

బోనాల నాడు ఊరందరి ముందు మరిది సైదమ్మ దవడలు పట్టి నోరు తెరిపించాడు. గింజలు దొరికాయి. అయినా వాణ్ని చేసుకోనని ఆమె మొండికేసింది. గొర్లనూ బర్లనూ అక్కడే వదిలి, కోదాడ దగ్గర తల్లిగారింటికి బయల్దేరింది. ఆ మూడెకరాలు ఇప్పుడు వాడు దున్నుకుంటున్నాడు. ఆమె పరాయి పొలాల్లో నాట్లు వేస్తోంది.

పోయే ముందు మా ఇంటికి వచ్చింది. పెదవి చిట్లి ఉంది.

"ఎవరో చెప్పిన్రు మేడం. లేకుంటే వానికెట్ల తెలుస్తది? మీరైతే ఎవరికీ చెప్పలే గద?"

"లేదు, సైదమ్మా."

"నాకెర్కనే. మీరు చెప్పరు. ఊరికె అడిగిన, ఏమనుకోకుండ్రి."

మన్నించమని కూడా ఆమే అడిగింది.

ఎందుకు లేదన్నాను? భయమా? ఆమె నన్నేం చేయగలదు? ఆమె గుట్టు నా నోటితోనే బయటపడిందని తెలిసినా, ఆమె కళ్లలో మంచిదానిగానే ఉండిపోవాలన్న ఆశ తప్ప ఇంకే కారణమూ, ఎంత వెతికినా దొరకడం లేదు. నార్మన్లను పుస్తకం నిండా తిట్టాను. సైదమ్మ పొలానికి వాళ్లకు దారి చూపింది నేను.

పుస్తకం మళ్లీ అచ్చవుతోంది. మిరప గింజలు తీసేసి మిరియాలు పెట్టమని ప్రచురణకర్త అడిగాడు. మిరియాలైతే కాలానికి సరిపోతాయట. పెట్టనన్నాను. నవ్వేవాళ్లను నవ్వనీ, చరిత్ర రాదననీ. ఆ గింజలు సైదమ్మవి. ఈసారి వాటిని ఆమె నుంచి ఎవరూ లాక్కోలేరు.

సైదమ్మకు చదువు రాదు. ఇది ఆమెకు చేరదు, కాబట్టి దీన్ని ధైర్యమనకండి. అయినా ఆమె అడిగినదానికి సరైన జవాబు ఒకచోటైనా రాసి ఉండాలి.

చెప్పాను, సైదమ్మా. మైకులో చెప్పాను.