కొల్లేటి పడవలో మా పంతులమ్మగారు

మా పంతులమ్మగారు పోయారని తాడేపల్లిగూడెం నుంచి చెల్లెలు కార్డు రాసింది. చెల్లెలు కూడా అక్కడ పంతులమ్మే. దీపం పెట్టుకుని కూర్చుని, ఆ కార్డు రెండోసారి చదివాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఇప్పుడు చెబితే ఆవిడకి నష్టం లేదు.

పంతొమ్మిదివందల ముప్పైల నాటి సంగతి. ఏలూరు ఆడపిల్లల బడిలో చదువుతున్నాం. నాకు పన్నెండేళ్లు, చెల్లెలికి తొమ్మిది. కార్తీకమాసంలో పంతులమ్మగారు మమ్మల్ని కొల్లేరు తీసుకెళ్తానన్నారు. నాన్నగారికి ఆవిడ మీద అనుమానం.

"ఏ ఊరండీ అంటే నవ్వుతుందట. ఎవరి తాలూకండీ అంటే మాట మారుస్తుందట. పెద్దదానివి, ఓ కన్నేసి ఉంచు. తేడా కనబడిందంటే ఇద్దరూ బడి మానెయ్యండి" అన్నారు.

అలా నేను కాపలాకి వెళ్లాను. పడవలో ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. అనుమానంతో చూశాను కాబట్టే ఆవిడ ఇంత వివరంగా గుర్తున్నారు. మేం ఇళ్ల నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పగానే లేచి పడవ చివరికి వెళ్లిపోయారు. మాకు అరటిపళ్లు మాత్రం పంచారు. బళ్లోనూ అంతే. తొక్క ఉన్న పండే ఇచ్చేవారు, తన చేత్తో వండింది ఏనాడూ పెట్టలేదు. ఎందుకని?

భోజనాలయ్యాక చెల్లెలు మళ్లీ ఆవిడ పక్కన చేరింది. గూడబాతుని చూపించి, "దాని గొంతుసంచిలో ఏముందండీ?" అంది.

"ఎక్కాలు అప్పజెప్పని పిల్లలు."

"అయితే మా అక్క లోపలుండాలే!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు పడవ కిక్కిస గడ్డిలో ఇరుక్కుంది. పడవతను ఒక్కడి వల్లా కాలేదు. పంతులమ్మగారు చెంగు దోపుకుని పడవ తోసే రెండో గెడ అందుకున్నారు. పొద్దుట్నుంచీ "పంతులమ్మగారండీ" అంటున్న పడవతను, ఆ కంగారులో "ఎడమేపు నొక్కవే చెల్లీ!" అని అరిచాడు.

పడవ కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అర్థమైంది. ఆవిడది కొల్లేట్లో చేపలు పట్టేవాళ్ల ఇల్లు. ఊళ్లో తెలిస్తే సగం బడి ఖాళీ అవుతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మా అన్నయ్యేనమ్మా. మిమ్మల్ని ఇంకెవరి పడవ ఎక్కిస్తాను?" అన్నారు. తర్వాత, "అబద్ధమాడమని నీకు చెప్పను. పరీక్షల్లో ఏమంటాను? అడిగినంతవరకే రాయమంటాను కదా" అన్నారు. తడి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

ఇంటికి రాగానే నాన్నగారు కూర్చోబెట్టి అడిగారు.

"ఆవిడేం పెట్టింది?"

"అరటిపళ్లండి. తొక్క మేమే ఒలుచుకున్నాం."

"ఎవరింటికైనా తీసుకెళ్లిందా?"

"లేదండి."

"తేడా ఏమైనా కనబడిందా?"

"లేదండి."

నాన్నగారు నన్ను చాలాసేపు అలాగే చూశారు. ఆ ఆఖరి జవాబు అబద్ధమేమోనని చాలా ఏళ్లు దేవుడి ముందు కూర్చుని అడిగాను. కాదు. నాకు నిజంగానే కనబడలేదు.

మర్నాడు బడి వేళ దాటినా గంట మోగలేదు. పంతులమ్మగారు అరుగు మీద నిలబడి, మా వీధి మలుపు వైపే చూస్తున్నారు. మేమిద్దరం కనబడగానే వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు మోగింది గంట.