ఏప్రిల్ కాగితంలో లేని పేరు

పదిహేడేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చిన్న వాక్యమే. చిత్తుకాగితం మీద నా చేత్తో రాసి, నా చేత్తోనే కొట్టేశాను. ఏడాదంతా అది ఎక్కడో అడుగున పడి ఉంటుంది. ఏప్రిల్ రాగానే పైకి తేలుతుంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ పోయేముందు ఆమెకైనా చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర కొంచెం తేలికగా ఉంది.

నేను ప్రాథమిక పాఠశాల టీచరును. దొరవారిసత్రం నుంచి ఆటోలో పోతే పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపల ఊరు వస్తుంది. పేరు చెప్పను. మాది బుచ్చిరెడ్డిపాలెం వైపు, వరి పండించే ఇల్లు. కొత్తలో ఆ ఊళ్ళో బస్తాల కొద్దీ ఎండుచేపలు చూసి ముక్కు మూసుకున్నదాన్ని, ఇప్పుడు వేసవి సెలవుల్లో ఆ వాసన లేకపోతే నాకు అన్నం సహించదు. మధ్యలో రెండు బదిలీలైనా మళ్ళీ ఇదే ఊరు కోరుకుని వచ్చాను. ఎందుకని అడిగినవాళ్ళకు చేపల పులుసు కోసమని చెబుతాను. అది సగం నిజం.

మా బడిలో ఒక అలవాటుంది, నేనే మొదలుపెట్టాను. బడి మూసేముందు ఇంటింటికీ ఒక కాగితం ఇస్తాను. ఊరివాళ్ళు దాన్ని ఏప్రిల్ కాగితం అంటారు. మొదట గుర్తుపెట్టుకోవలసిన సంగతులు రాస్తాను. ఆఖరి పనిదినం ఎప్పుడు, జూన్‌లో బడి ఎప్పుడు తెరుస్తాం. లైబ్రరీ పుస్తకాలు తెచ్చివ్వండి, అన్నం పళ్ళేలు ఇంటికి తీసుకుపోండి, ఐదో తరగతి వాళ్ళు హైస్కూల్లో చేరడానికి ఆధార్ జిరాక్సు తీయించుకోండి. ఎండల్లో పిల్లల్ని కాలవ దగ్గరికి ఒంటరిగా పంపకండి. ఈ చివరిది చదివినప్పుడల్లా ఊరంతా నవ్వుతుంది. ఆ పిల్లలు నడకకన్నా ముందు ఈత నేర్చినవాళ్ళు, నేనేమో ఇన్నేళ్ళలో మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగలేదు.

ఆ తర్వాత ఒక్కో పిల్లకీ ఒక్కో వాక్యం. ఆ ఏడు ఆ పిల్ల చేసిన మంచిపని ఏదైనా సరే. 'శీనయ్య అబద్ధాలు బాగా తగ్గించాడు.' 'కావేరి తొమ్మిదో ఎక్కం ఏడవకుండా చెప్పింది.' ఇలాంటివి. అప్పట్లో చాలా ఇళ్ళలో చదవగలిగినవాళ్ళు లేరు. అందుకని తుఫాను షెల్టరులో అందరినీ కూర్చోబెట్టి నేనే చదివేదాన్ని. తన పిల్ల పేరు రాగానే ప్రతి తల్లీ కొంగు సర్దుకునేది. నాకు ఆ ఘడియంటే ఎంత ఇష్టమో!

ఇక చెంగమ్మ.

నాలుగో తరగతి. తల్లీ తండ్రీ రొయ్యల గుంటల దగ్గర పనికని వేరే ఊరికి పోతే, అవ్వ దగ్గర పెరిగేది. ఎప్పుడూ ఒక గుడ్డసంచి నిండా గవ్వలుండేవి. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే టీచరును. ఒకటో తరగతి పిల్లలు గోల చేస్తుంటే "చెంగమ్మా, కాసేపు చూడమ్మా" అని ఆమెకు అప్పజెప్పేదాన్ని. కాసేపు కాస్తా పూటయింది, పూట కాస్తా రోజూ అయింది. వరండాలో గవ్వలు పరిచి ఏం చేసేదో నేను పట్టించుకోలేదు. గోల లేదు, అది చాలు నాకు.

ఆ ఫిబ్రవరిలో ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. ఒకటో తరగతిలో ఒక చిన్నవాణ్ణి లేపి "ఏడూ ఐదూ ఎంతరా?" అన్నాడు. వాడు కళ్ళు మూసుకుని, లేని గవ్వల్ని నేలమీద జరిపి, పన్నెండన్నాడు. ఇంకో పిల్లను అడిగాడు. ఆమె కూడా చెప్పింది. అందరూ చెప్పారు. ఆయన సంబరపడి "ఎవరు నేర్పించారు?" అన్నాడు. నేను చీర సర్దుకున్నాను. పిల్లలంతా ఒక్క గొంతుతో "చెంగమ్మక్క!" అన్నారు.

"అయితే టీచరమ్మా, ఆ కుర్చీ చెంగమ్మకిచ్చేయండి" అని ఆయన నవ్వాడు. హాస్యానికే అన్నాడు. టీ తాగి, పుస్తకంలో బాగుందని రాసి వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా 'చెంగమ్మక్క' అన్న ఆ కేకే వినపడింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడమనిషి తొమ్మిదేళ్ళ పిల్లను చూసి కుళ్ళుకుంటుందా? ఎవరైనా చెబితే నేనే నమ్మకపోదును. ఆ కడుపుమంట నాదైంది కాబట్టి నమ్ముతున్నాను.

ఏప్రిల్ కాగితం రాయడానికి కూర్చున్నాను. చెంగమ్మ దగ్గరికొచ్చేసరికి కలం దానంతటదే ఉన్నమాట రాసేసింది. చూసుకున్నాను. ఇది ఊరందరి ముందు నేనే చదవాలి. కొట్టేశాను. 'రోజూ బడికి వస్తుంది' అని రాశాను. ఎంత పిసినారి మాట! అదీ కొట్టేశాను. నిజం రాస్తే నా పరువు పోతుంది, అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. ముప్పైమందిలో ఒక పేరు లేకపోతే ఎవరు గమనిస్తారులే అనుకున్నాను. మా నాన్న కళ్ళంలో రాలిన వడ్లగింజను కూడా వంగి ఏరేవాడు. ఆయన కూతుర్ని నేను, ఒక పిల్ల పేరునే వదిలేశాను.

షెల్టరులో అవ్వ ముందు వరసలోనే కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుని, చెంగమ్మ తలకు నూనె పెట్టి గట్టిగా జడ వేసి తెచ్చింది. చదివాను. అయిపోయింది. అందరూ లేస్తున్నారు. అవ్వ లేవలేదు.

"అందరి పేర్లూ అయిపోయినాయా టీచరమ్మా?"

"అయిపోయినాయవ్వా."

"అట్నా" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. చెంగమ్మ నా వైపు చూడలేదు, తల వంచుకుని సంచిలో గవ్వలు కదుపుతూ ఉంది. అవ్వ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. గొడవ కాలేదని నేను ఊపిరి పీల్చుకున్నాను.

జూన్‌లో బడి తెరిచాం. చెంగమ్మ రాలేదు. వారం చూశాను. బడిలో వంట చేసే రమణమ్మను అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

"మీరే గదమ్మా పేరు చదవకపోతిరి! బళ్ళో మా పిల్లకి వంతు తీసేసినారని అవ్వ ఏడ్చుకుంటా రొయ్యల గుంటలకాడికి పిలుచుకపోయి, వాళ్ళమ్మ దగ్గర వదిలేసొచ్చింది."

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఊళ్ళో సరస్సులో మంచి చోట్ల వల వేయడానికి ఇంటింటికీ వంతులుంటాయి. ఏటా ఊరి పెద్ద అందరినీ కూర్చోబెట్టి పేర్లు చదువుతాడు. చివర్లో ఎవరో ఒకరు లేచి అందరి పేర్లూ అయిపోయినాయా అని అడుగుతారు. అయిపోయినాయని పెద్ద అంటే ఇక తిరుగులేదు. పేరు రాని ఇంటికి ఆ ఏడు సరస్సులో చోటు లేదు. ఎదురు మాట్లాడకూడదు. అవ్వ నన్ను అడిగింది ఆ ప్రశ్న. నేను చెప్పింది ఆ జవాబు. వరిచేలల్లో పుట్టినదాన్ని, నాకేం తెలుసు? కానీ ఇది సాకు. ఆచారం తెలియకపోవచ్చు, పేరు ఎందుకు చదవలేదో నాకు తెలుసు కదా!

రమణమ్మతో ఏమన్నానో తెలుసా? "అయ్యో, దొరవారిసత్రంలో జిరాక్సు తీసినాయన కింది లైను తెగ్గొట్టాడు రమణమ్మా, చూసుకోలేదు" అన్నాను. తడుముకోకుండా వచ్చింది అబద్ధం. కబురు పంపమన్నాను. గుంటల ఊరు ఆటోలో గంట దారి. నేనే వెళ్ళుంటే వారంలో తెచ్చేదాన్ని. వెళ్ళలేదు. వెళ్తే ఆ పిల్ల ముఖం చూస్తూ అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పాలి. కబురు నలుగురి నోళ్ళు మారి అందేసరికి చెంగమ్మ అక్కడ చంటి తమ్ముణ్ణి ఎత్తుకునే పనిలో పడింది. వచ్చింది మరుసటి జూన్‌లో. ఒక ఏడు పోయింది.

వచ్చినప్పుడు చేతిలో గవ్వల సంచి లేదు. మొదటిరోజే ఒకటో తరగతి పిల్లల్ని చూపించి, కాసేపు చూడమ్మా అన్నాను. బతిమాలినట్టే అన్నాను.

"మీరే చెప్పండి టీచరమ్మా. నాకు సరిగ్గా రాదు" అంది.

కోపంగా అనలేదు. నమ్మి అంది. నా మీద కోపమొచ్చినా బాగుండేదని ఆ పిల్లను చూసి ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ ఏడు కాగితంలో ఆమె పేరే మొదట రాశాను. అవ్వ షెల్టరంతా వినపడేలా చప్పట్లు కొట్టింది. నాలుగేళ్ళకు పోయింది అవ్వ. జిరాక్సాయన్ని తిట్టుకుంటూనే పోయింది పాపం.

చెంగమ్మ పది పాసై ఆగిపోయింది. ఆ ఊళ్ళోనే పెళ్ళయింది. నా వల్లే ఆమె టీచరు కాలేదని అనను. అలా అనుకోవడం కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. కానీ ఆ చేతుల్లోంచి గవ్వలు లాక్కున్నది నేనే. అది మాత్రం ఎవరి మీదికీ నెట్టలేను.

ఇప్పుడు ఆమె కూతురు నా దగ్గర ఒకటో తరగతి. ఏప్రిల్ కాగితం వాట్సాప్ గ్రూపులో కూడా పెడుతున్నాను, అయినా అందరికీ నేను చదివితేనే తృప్తి. మొన్న చెంగమ్మ గిన్నెలో రొయ్యల వేపుడు తెచ్చింది. నాకు కారం తక్కువ వేయాలని ఆమెకు తెలుసు.

"మా పాప పేరు జాగ్రత్త టీచరమ్మా. ఆ జిరాక్సోడు మళ్ళా మింగేస్తాడేమో!" అని పకపకా నవ్వింది.

నా అబద్ధం వాళ్ళింట్లో నవ్వులాటైపోయింది. నేనూ నవ్వాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే చెంగమ్మ క్షమించేస్తుంది, నాకు తెలుసు. ఇంకో గిన్నె వేపుడు తెస్తుంది. నాకు దాన్ని తినే అర్హత ఉందా? లేక నన్ను చూసి మొదటిసారి ఆమె ముఖం మారుతుందని భయమా? రెండోదే అయ్యుంటుంది. ఆమెంటే నాకంత ప్రేమ మరి.

రేపు పొద్దున షెల్టరులో చదవాలి. కాగితం సిద్ధంగా ఉంది. పేర్లు మూడుసార్లు సరిచూసుకున్నాను, అందరూ ఉన్నారు. ఆ పాత వాక్యం అందులో లేదు. అంత ధైర్యం రాలేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను, ఈసారి కొట్టేయకుండా.

చెంగమ్మ, నాలుగో తరగతి. మన బడిలో ఒకటో తరగతి పిల్లలకు కూడికలు నేర్పింది నేను కాదు, ఈమె.