ఒడ్డుకు నడిచిన పొయ్యిలు

ఆ రోజు పొయ్యిలన్నీ సముద్రపు ఒడ్డుకు మోసుకెళ్ళాలన్న ఆలోచన మా పెద్దమ్మది కాదు, నాది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ పొద్దున్న అత్తగారు నా చేపల పులుసు నాలిక మీద వేసుకుని, "ఏంటమ్మాయ్, ఉప్పు మీ సముద్రంలోనే వదిలేసి వచ్చావా?" అన్నారు. అత్తవారిది కాలవ గట్టున ఊరు. ఇక్కడ ఉప్పంటే కొట్లో కొనుక్కునేది. నేను తల వంచుకుని నవ్వాను. నవ్వితే మాట్లాడే పని తప్పుతుంది.

మాది నరసాపురానికి దిగువన, చేపలు పట్టేవాళ్ళ పల్లె. అమ్మ లేని నన్ను పెద్దమ్మే పెంచింది. లేసు అల్లిక నేర్పే దొరసాని బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చి, దొరికిన కాగితమల్లా చదువుతూ మూల కూర్చునేదాన్ని. "దీని నోరు కూడా నాకే ఇచ్చి పుట్టింది" అనేది పెద్దమ్మ. నిజమే, ఆవిడ గొంతు అవతలి రేవు దాకా వినపడేది.

గాలివాన రోజులు పోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగిన రోజున మా పల్లెలో ఉప్పు ముట్టరు. ఒక చెంబు సముద్రపు నీళ్ళకి రెండు చెంబుల మంచినీళ్ళు కలిపి, ఒడ్డున వలేసి పట్టిన చిన్న చేపల్ని అందులోనే ఉడికించాలి. మగవాళ్ళు పడవ దిగగానే ఆ పులుసు నోట పెట్టుకోవాలి. కుండ సిద్ధంగా లేకపోతే మర్నాడు ఎవరూ పడవ ఎక్కరు. గాలివాన రోజుల్లో వేట లేక అప్పటికే పల్లె పస్తులుంటుంది.

ఆ ఏడు మేం కడవలతో వస్తుంటే ఉప్పు బంట్రోతు అడ్డం పడ్డాడు. ఇళ్ళల్లో నీళ్ళు మరిగించి, పన్ను కట్టకుండా ఉప్పు తీస్తున్నామని సర్కారుకి అనుమానం. కడవలన్నీ ఇసకలో వంపించి, "సముద్రపు నీళ్ళు చుక్క ఊళ్ళోకి రావడానికి వీల్లేదు" అన్నాడు.

"మా ఆయన గోచీలో రోజూ వస్తున్నాయి బాబుగారూ, పిండుకుంటారా?" అంది పెద్దమ్మ.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. బంట్రోతు కర్ర ఎత్తేసరికి నవ్వు ఆగిపోయింది. దూరంగా తెరచాపలు కనిపిస్తున్నాయి. నేను పెద్దమ్మ చెవిలో గొణిగాను: "నీళ్ళు ఊళ్ళోకి రాకూడదన్నాడు. పొయ్యిలు ఒడ్డుకి పోకూడదనలేదు కదా."

పెద్దమ్మ నన్నోసారి చూసి, "లేవండే! కుండలెత్తండి!" అని ఒక్క కేక పెట్టింది. మట్టిపొయ్యిలు నెత్తిన పెట్టుకుని అందరం ఉరికాం. అలల అంచునే చెంబు ముంచడం, కుండలో పొయ్యడం. పొగ చూసి పక్క పల్లెల ఆడవాళ్ళూ తమ కుండలతో వచ్చేశారు. ఉప్పాడ నుంచి మా పల్లెకి వచ్చిన కోడలు మామిడి ఒరుగులు వేస్తే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరివాళ్ళు చింతపండు లేనిదీ పులుసేనా అన్నారు. బంట్రోతు సంగతి మరిచిపోయి పులుపు కోసం తగువు పడ్డారు! ఆయన ఏ పొయ్యి ముందు నిలబడితే ఆ పొయ్యి ఆవిడ గరిటె చాపి, "రుచి చూడండి బాబూ" అనేది. ఆయన తినలేదు, తన్నలేదు, కదల్లేదు కూడా. పడవలు ఒడ్డు చేరేసరికి ప్రతి కుండా ఉడికింది. మర్నాడు ఒక్క పడవ కూడా ఒడ్డున మిగల్లేదు.

పోయిన ఏడు పెద్దమ్మ మంచాన పడితే చూడ్డానికి వెళ్ళాను. ఆ బంట్రోతు మారి ఇంకొకాయన వచ్చాడట అని చెప్పాను. కళ్ళు మూసుకునే నవ్వింది. నాతో ఆవిడ ఆఖరి మాట అదే: "వాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. పోటుకి పడవలొచ్చే వేళ మాత్రం తప్పదు. లే, పొయ్యి రాజెయ్యి."