అత్త ఒళ్ళో ప్లగ్గు

పోయిన వారం గొలుసుకు మెరుగు పెట్టించుకుందామని గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో ఉన్న ఆచారి అంగడికి వెళ్ళాను. మా ఇంటి బంగారం ఎప్పుడూ చూసే పెద్దాయన ఇప్పుడు అంగడికి రావడం లేదట. ఆయన చోట కొడుకు కూర్చుని ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని గొలుసును వేళ్ళ మధ్య జపమాలలా జరుపుతూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఏందమ్మా, ఈ లంకె కాడ కరిగి నల్లంగా మచ్చ పడుండాది? పొయ్యిలో గాన పడిందా?" అన్నాడు. "పొయ్యిలో కాదప్పా, కంప్యూటర్లో పడింది" అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని భూతద్దం తీసి నా ముఖం చూశాడు. "కంప్యూటర్లో పడితే బంగారం కరుగుతాదా?" "ఆపేసిన దాంట్లో పడితే ఏం కాదు. నడిచేదాంట్లో పడితే కరుగుతాది." ఆ లంకె తీసి కొత్తది వేస్తానన్నాడు. వద్దు, మెరుగు మాత్రం పెట్టమన్నాను. కుంకుడు రసం కలిపిన వేడినీళ్ళలో గొలుసు వేసి కుంచెతో రుద్దుతుంటే ఆ వాసన అంగడంతా కమ్ముకుంది. బెంచీ మీద కూర్చున్న నాకు మా అత్త గుర్తుకొచ్చింది.

మాది పుత్తూరు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి జనమో వచ్చే ఊరు. మా ఊరి పేరు చెప్పగానే ప్రతివాళ్ళూ తమకు ఎప్పుడో విరిగిన చెయ్యో కాలో గుర్తు చేసుకుని, ఆ కథ చెప్పేదాకా వదలరు. నాకు మాత్రం పుత్తూరంటే లైబ్రరీ. డిగ్రీ చదువు మధ్యలో ఆగిపోయాక రోజూ అక్కడికే వెళ్ళేదాన్ని. ముందు గదిలో పేపర్ల కోసం పోటీపడే పెద్దమనుషులు, లోపలి గదిలో తాళం సరిగా పడని ఇనుప బీరువాలు. వాటిలో ఒకదాంట్లో కంప్యూటర్లు బాగు చేయడం గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను, మళ్ళీ మొదటి నుంచి చదివాను. అప్పటికి నేను కంప్యూటర్ను తాకి కూడా ఎరగను. తర్వాత ఎప్పుడో ఒకదాని మూత తీసి చూసినప్పుడు, బొమ్మల్లో చూసినవన్నీ ఎక్కడివక్కడ కనిపించి, చుట్టాలింటికి వెళ్ళినట్టే అనిపించింది. లైబ్రరీ చదువును చిన్నచూపు చూసేవాళ్ళకు నేను ఇప్పటికీ ఒక మాట చెబుతుంటాను: కాలేజీలో అయ్యవారు పాఠం ఒకసారే చెబుతాడు, పుస్తకం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతుంది.

పెళ్ళై తిరుపతికి వచ్చాను. మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. అత్త పుట్టినిల్లు గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం. వాళ్ళ నాయన స్వామికి ప్రసాదాలు వండినవాడు. అందుకేనేమో అత్తకు ప్రతి పనికీ ఒక వేళ, ఒక వరస, ఒక మడి ఉండేవి. వంటిల్లు ఆమెది, పూజగది ఆమెది, పెరట్లో తులసికోట చుట్టూ ఉన్న నాలుగు బండలూ ఆమెవే. కొత్తకోడలికి ఆ ఇంట్లో నాది అనుకోవడానికి ఏమీ లేదు, వసారాలో కిటికీ కింద వేసుకున్న ఒక బల్ల తప్ప. ఆ బల్ల మీద తెలిసినవాళ్ళ కంప్యూటర్లు విప్పి దుమ్ము దులిపి బాగు చేసేదాన్ని. "ఆడదానికి ఈ ఇనుప పనేందే?" అని అత్త ఒకసారి అడిగింది. కొడుక్కు అభ్యంతరం లేదని తెలిశాక మళ్ళీ అడగలేదు. చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో నా బల్ల నిలబడి ఉండేది. అది పోతే నేను చదివిందంతా పోయినట్టే అని నాకు లోలోపల బెంగగా ఉండేది.

అత్తకు ఒక తమ్ముడున్నాడు, వరసకు నాకు చిన్నాయన. రేణిగుంటలో లారీ ఆఫీసు నడిపేవాడు. మనిషి ఇంటికి వస్తే వీధి చివరి నుంచే తెలిసేది, అంత గొంతు. ఒకరోజు ఉదయం ఆటోలో కంప్యూటర్ పెట్టుకుని దిగాడు. "అమ్మాయ్, ఇది గానుగ మాదిరి అరస్తా ఉండాది. సాయంత్రం లోపల నాకు కావాల, లారీలన్నీ దీని కడుపులోనే ఉండాయి" అన్నాడు. ముందు ఆపి విప్పుతానన్నాను. "ఆపితే మళ్ళా లేసేదానికి సతాయిస్తాదమ్మా. నడుస్తా ఉండంగానే సూసెయ్. పుత్తూరు పిల్లవి, చేత్తో తడిమితే తెలిసిపోతాది నీకు."

ఆపితే శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, అది నిజమే. జ్వరం ఉన్నప్పుడే కదా వైద్యుడు చెయ్యి పట్టి చూసేది అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా పుస్తకం మరిచిపోలేదు. అందులో మొదటి పాఠమే హెచ్చరికలు: ప్లగ్గు తియ్యాలి, లోహపు నగలు తీసి దూరంగా పెట్టాలి. మొదటిదాన్ని చిన్నాయన కోసం పక్కన పెట్టాను కాబట్టి రెండోదాన్ని మరింత శ్రద్ధగా పాటించాను. బంగారు గాజులు తీశాను, ఉంగరం తీశాను, చెవి కమ్మలు కూడా తీసి కిటికీలో పెట్టాను. మట్టిగాజులు ఉంచుకున్నాను, గాజులోకి కరెంటు పోదని చదివాను కనుక. మూత తీసి, ఏ ఫ్యాను అరుస్తోందో వినడానికి వంగి చెవి దగ్గరగా పెట్టాను. పైట కింద నుంచి తాళి గొలుసు జారి లోపలికి వేలాడింది.

టప్పుమని శబ్దం, తెల్లటి మెరుపు, వెంట్రుకలు కాలినట్టు ఒక వాసన. కంప్యూటర్ నోరు మూసుకుంది, తల మీద ఫ్యాను కూడా ఆగిపోయింది. బోర్డు మీది ఏదో ముల్లుకూ ఇనుప పెట్టె అంచుకూ మధ్య నా గొలుసు వంతెన అయింది. మెడ మీద చురుక్కుమంది, అంతే. అత్త గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "పిల్ల బాగుండాదిలే అక్కా, పోయింది నా పెట్టే" అన్నాడు చిన్నాయన. ఆమె అతన్నీ చూడలేదు, పెట్టెనూ చూడలేదు. నా మెడ మీద చెయ్యి వేసి, గొలుసును వెలుతురుకు ఎత్తి, నల్లబడిన లంకెను చూసింది. "వాడు యాడుండాడో ఇప్పుడు" అంది మెల్లగా. తాళికి మచ్చ పడితే ఆ మచ్చ కొడుకు మీద పడినట్టే ఆమెకు.

సాయంత్రం మా ఆయన కాలేజీ నుంచి వస్తే గడప దగ్గరే ఆపి తల నుంచి కాళ్ళదాకా చూసింది. "ఏందిమా, నేనేం చేసినా?" అన్నాడు ఆయన బిత్తరపోయి. "ఏం చేయలేదు నాయనా. ఉండావు, అదే సాలు" అంది. మరునాడు పొద్దున లేచేసరికి వసారాలో నా బల్ల మీద పాత పంచె ఒకటి కప్పి ఉంది. నాతో ఎవరూ ఏమీ అనలేదు. ఆ పంచె అనింది. "కొన్నాళ్ళు ఆగరాదా?" అన్నాడు మా ఆయన, ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో తనకూ తెలియనట్టు. చిన్నాయన కంప్యూటర్ ఆ పంచె కిందే ఉండిపోయింది. చేతిరాత లెక్కలతో లారీలు నడుపుకుంటున్నానని ఆయన ఫోన్ చేసి చెప్పి, తర్వాత నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఇద్దరం చింతకాయలు దంచుతున్నాం. అత్త ఉన్నట్టుండి అడిగింది. "ఆ కరెంటు గొలుసులోకే ఎందుకు దూకింది?"

"దానికి దోవ కావాలత్తా. బంగారం మంచి దోవ. ఇనప చెంచా పడినా అట్లే దూకుతాది."

"చెంచాకు మొగుడు ఉండడు కదే" అంది. నేను నవ్వు ఆపుకున్నాను, ఆమె నవ్వలేదు కనుక. కాసేపటికి మళ్ళీ, "నీ పుస్తకంలో ఏం రాసినారు?"

"నగలన్నీ తీసిపెట్టమన్నారు."

"గాజులు తీసినావు, ఉంగరం తీసినావు, కమ్మలు గూడా తీసినావు. నేను సూసినా. మరి తాళి ఎందుకు తీయలేదు?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నాకు నేనే వేసుకోలేదు. "తాళి నగ కాదు కదత్తా" అన్నాను.

అత్త రోకలి ఆపింది. ఆమె ముఖంలో ఇన్ని రోజులుగా బిగుసుకున్నదేదో సడలడం చూశాను. "కాదు" అంది. "ఆ పుస్తకం రాసినోళ్ళకు తాళి సంగతి తెలిసుండదు. మనమే రాసుకోవాల." చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి, పూజగదిలోని డబ్బాలోంచి నూలు పోగులు తీసి, పసుపు పూసి పేనింది. "బంగారం దోవ అంటివే. నూలు దోవా?"

"ఆరిన నూలు కాదు. తడి ఉంటే మాత్రం దోవే."

"అట్లయితే పొద్దున స్నానం చేసినాక పసుపు ఆరేదాకా పెట్టె జోలికి పోవద్దు. మధ్యాన్నం చేసుకో. తాళిబొట్లు రవికెలోకి వేసుకో, వేలాడనియ్యొద్దు. అసలు ముందు దాన్ని ఆపేదానికేం?"

నడుస్తుంటేనే కొన్ని రోగాలు తెలుస్తాయని చెప్పాను. అత్త పేనిన తాడును ఆరడానికి దండెం మీద వేసింది. "అట్లయితే నడిచేటప్పుడు గర్భగుడిలో స్వామిని సూసినట్టు సూడు. కండ్లతో సూడాల, చెవులతో వినాల, చేతులు ఎనక్కి కట్టుకోవాల. తాకేది ఆపినాకనే." అంత లావు పుస్తకంలో ఆ సంగతికి ఎన్నో పేజీలు పట్టాయి. నాకు ఆ పేజీలకన్నా ఈ మాటే నిలిచిపోయింది.

గొలుసు అత్త నగల పెట్టెలోకి వెళ్ళింది, నా మెడలోకి పసుపు తాడు వచ్చింది. పంచెను అత్తే తీసి మడత పెట్టింది. లోపల కరెంటు అందించే డబ్బా కాలిపోయి ఉంటుందని నేను చెబితే చిన్నాయన కొత్తది తెచ్చి ఇచ్చి, "ఈసారి గొలుసు యాడ పెట్టినావమ్మా?" అని అడిగి అక్కతో తిట్లు తిని రేణిగుంట వెళ్ళిపోయాడు. పాత డబ్బాను విప్పి చూద్దామని నాకు చెయ్యి దురద. కానీ దాని లోపల ప్లగ్గు తీశాక కూడా కరెంటు దాగి ఉంటుందని చదివాను కాబట్టి మూత జోలికి పోకుండా మొత్తంగా మార్చాను. బోర్డు బతికే ఉందో లేదో నాకు తెలియదు. అది పోయి ఉంటే చిన్నాయన లారీలే కాదు, నా బల్ల కూడా పోయినట్టే. ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వసారాలో చాప వేసుకుని కూర్చున్న అత్త కూడా లేచి నా పక్కన అట్లాగే నిలబడింది. లోపల చిన్న దీపం వెలిగింది. ఫ్యాన్లు తిరిగాయి, ఒక్కసారి కుయ్యిమంది, తెర మీద అక్షరాలు వచ్చాయి. వెంటనే గానుగ శబ్దం కూడా వచ్చింది. "ఆ నడిమి చిన్నదే అరిచేది, ఎనకది కాదు" అంది అత్త. నాకూ అదే వినిపించింది.

ఆపాను. అత్త తానే వెళ్ళి ప్లగ్గు పీకి తెచ్చుకుని చాప మీద కూర్చుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్కన పత్తి పెట్టుకుని వత్తులు చేయడం మొదలుపెట్టింది. "నా కాడ ఉండాది, చెయ్యి పెట్టు" అంది. మిగిలిన కరెంటు పోవడానికి నేను బటన్ ఇంకోసారి నొక్కితే ఫ్యాను ఒక్క క్షణం కదిలి ఆగింది. అత్త ఒళ్ళోకి చూసుకుంది. "ప్లగ్గు ఈడే ఉండాదే. అదెట్ల కదిలింది?" కుళాయి కట్టేశాక గొట్టంలో మిగిలిన నీళ్ళలాంటిదని చెప్పాను. "అయితే ఇంగోసారి నొక్కు. పూర్తిగా పోనీ." లారీల దుమ్ము పట్టిన ఆ చిన్న ఫ్యానును తీసి తుడిచి, ఒక చుక్క నూనె వేసి బిగించాను. సాయంత్రం చిన్నాయన వచ్చి చెవి పెట్టి విన్నాడు. ఏమీ వినపడక చెడిపోయిందేమో అనుకున్నాడు. తెర చూసి, "పుత్తూరు కట్టు గట్టిదేనబ్బా" అన్నాడు. "పుత్తూరు కట్టు కాదురా, తిరుపతి తాడు" అంది అత్త.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ బల్ల అక్కడే ఉంది. ఎవరైనా పొద్దున్నే కంప్యూటర్ ఎత్తుకుని వస్తే అత్త వీధి తలుపు దగ్గరే, "మధ్యాన్నం రాప్పా, మా కోడలికి తాడు ఆరాల" అని పంపేది. వాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు, మళ్ళీ మధ్యాహ్నం వచ్చేవాళ్ళు. భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగేది. ఆమె వత్తులు చేసుకుంటూ తన పుట్టినింటి సంగతులు చెప్పేది, నేను మరలు విప్పుతూ ఊకొట్టేదాన్ని. అప్పుడు నా కళ్ళన్నీ బోర్డు మీదే ఉండేవి. ఆమె చెప్పినవాటిలో సగం చెవిన పడి పడనట్టు పోయాయనుకున్నాను. పోలేదు. ఆ మధ్యాహ్నాలు గడుస్తున్నప్పుడు నేను వాటిని సరిగా చూడనే లేదు. అత్త పోయి, ఆమె పెట్టెలోని గొలుసు మళ్ళీ నా చేతికి వచ్చాక, ఇప్పుడవి ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీరిగ్గా విప్పి చూసుకుంటున్నాను, ఎంతసేపు చెయ్యి పెట్టినా కాలడం లేదు.