దొరగారి మాత్రలు

ఆ వీధిలో మంగలి దుకాణం నడిపే ఆయన్ని అందరూ రేడియో అనేవారు. కత్తెర ఆగినా ఆయన నోరు ఆగదు. గడ్డానికి సబ్బు పూసేటప్పుడు ఎత్తుకున్న కబురు మెడ మీద పౌడరు అద్దేదాకా సాగుతుంది. జుట్టు పెరక్కపోయినా కొందరు ఆ కబుర్ల కోసమే వచ్చి బల్ల మీద కూర్చునేవారు.

కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో ఆయన, బస్టాండులో టికెట్లు ఇచ్చే భార్య, రెండేళ్ల కిందట వచ్చి చేరిన అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. ఎవరైనా గుసగుసలాడినా కళ్లజోడు మీంచి చూసే అలవాటు ఇంకా పోలేదు. అల్లుడంటే ఆవిడకు కోపం లేదు, బడలిక ఉంది. ఒక్క మాట అడిగితే జవాబు అరగంట వినాలి కనుక, ఏం కావాలన్నా కూతురి చేత చెప్పించేది. ఆయన కిటికీ పక్కనే నిలబడి ఉన్నా, “మీ ఆయన్ని ఆ కిటికీ కాస్త మూయమనవే” అనేది. ఆయన మూసేవాడు. మూస్తూ గాలి గురించి నాలుగు ముక్కలు చెప్పేవాడు కూడా.

ఆవిడ వెంట వచ్చిన కుక్కే దొర. పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, పదకొండేళ్ల వయసు, అడిగితే తప్ప తోక ఊపని దర్జా. పగలంతా దుకాణంలో బల్ల కింద మడతపెట్టిన పాత దుప్పటి మీద పడుకునేది. కబుర్లన్నీ వినేది దొరే అని జనం నవ్వుకునేవారు.

ఒకసారి దొర రెండు రోజులు తిండి ముట్టలేదు. పసుపుపచ్చగా కక్కింది. చూస్తే చిగుళ్లు, కళ్లలోని తెలుపు కూడా పచ్చబడ్డాయి. ముగ్గురూ ఆటోలో దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ రక్తం పరీక్ష, స్కానింగ్ చేసి చెప్పింది.

“లివరు వాచింది. పిత్తాశయంలో పిత్తం చిక్కబడి అడుసులా పేరుకుంది. ఆపరేషన్ దాకా పోకుండా ముందు మందులతో చూద్దాం. ఈ మాత్ర పరగడుపున వెయ్యాలి, గంటాగి తిండి పెట్టాలి. దీన్ని విరవకూడదు, నూరకూడదు. ఈ రెండోది తిండితో పాటు. నూనె, వెన్న, మీగడ వాసన కూడా తగలనివ్వొద్దు.”

కూతురు పొద్దున ఆరింటికే డ్యూటీకి పోవాలి. “నా కుక్క, నేనే వేస్తాను” అంది అత్తగారు. మాత్రల వేళలు ఒక అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గోడకు తగిలించింది. రోజూ దొర నోరు తెరిచి, మాత్ర నాలుక మీద పెట్టి, మూతి మూసి పట్టుకునేది. దొర గుటక వేసినట్టే కనపడేది. ఆవిడ అట్ట మీద టిక్కు పెట్టేది.

పది రోజులకు రక్తం పరీక్ష చేస్తే అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. డాక్టరమ్మ కాగితం చూసి, “మాత్రలు వేస్తున్నారు కదా?” అని అడిగింది. అత్తగారి మొహం మాడిపోయింది. దారి పొడుగునా కూతురితో ఒకటే మాట. “ముప్పై ఏళ్లలో ఒక్క పుస్తకం లెక్క తప్పలేదే నాకు. మాత్ర తప్పుతుందా?”

మర్నాడు దుకాణానికి సెలవు. దొర దుప్పటి ఉతుకుదామని రేడియో దులిపితే మడతల్లోంచి మాత్రలు రాలాయి. కొన్ని సగం కరిగి, వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పదమూడు. బుగ్గలో దాచుకుని, కిందికి వచ్చి తీరిగ్గా ఉమ్మేసేది దొర.

ఆయన వాటిని అరచేతిలో పట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఇలాంటి కబురు ఒక్కటి దొరికితే దుకాణంలో నెల రోజులు సరిపోతుంది. పైకి వెళ్లాడు. భార్య వంటింట్లో ఉండడం చూసి, అత్తగారి ముందు చెయ్యి చాపాడు.

“దుప్పట్లో ఉన్నాయి అత్తయ్యగారూ. తప్పు మీది కాదు. దానికి నొప్పెడుతుందని మీరు మెల్లిగా పెడతారు, మాత్ర నాలుక చివరే ఆగిపోతోంది. రేపట్నించి నేను పట్టుకుంటాను. డాక్టరమ్మకు నేనే ఫోన్ చేసి చెప్తాను.”

అంతకుమించి ఒక్క మాట అనలేదు.

డాక్టరమ్మ ఫోన్‌లో మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టమంది. మాత్ర నాలుక మొదట్లో పడాలని, పైదవడ పట్టుకుని తల ఎత్తాలని చెప్పింది. తల ఎత్తడం ఆయనకు ఒకరు నేర్పాలా? పాతికేళ్లుగా గడ్డం పట్టుకుని మెడలు పైకి లేపుతున్న చెయ్యి అది. అయినా మర్నాడు పొద్దున దొర పళ్లు బిగపట్టింది. ఆయనా ఊపిరి బిగపట్టాడు. చెమటలు పట్టాయి కానీ పని కాలేదు.

సిరంజిలో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డ అత్తగారు కాసేపు చూసింది.

“అలా మూగనోము పట్టారేంటి? అది బెదురుతోంది. ఏదైనా చెప్పండి.”

ఆయన తలెత్తి ఆవిడ వంక చూశాడు. “ఏం చెప్పమంటారు?”

“రోజూ కింద ఏం చెప్తారో అదే.”

ఆయన మొన్న జుట్టుకు రంగు వేయించుకున్న పెళ్లికొడుకు సంగతి మొదలుపెట్టాడు. కబురు సగానికి వచ్చేసరికి దొర మెడ మెత్తబడింది. తల పైకి లేచింది, కింది దవడ జారింది, మాత్ర లోపలికి పడింది. ఆయన మూతి మూసి గొంతు నిమిరాడు, ఆవిడ బుగ్గ పక్కనుంచి నీళ్లు పోసింది. దొర గుటక వేసి ముక్కు నాక్కుంది. ఆవిడ దాని నోరంతా వెతికి చూసి టిక్కు పెట్టింది.

“ఇంతకీ ఆ పెళ్లికొడుకు?” అంది.

ఆ వారమంతా ఆవిడ ఓ చెవి మెట్ల మీదే వేసి ఉంచింది. బల్ల మీది జనంలో ఎవరో ఒకరు దుప్పట్లో మాత్రల మాట ఎత్తి నవ్వుతారని ఎదురుచూసింది. ఎవరూ ఎత్తలేదు. కూతురికి కూడా తెలియదని అర్థమయ్యాక, ఆవిడే ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ సంగతంతా కూతురికి చెప్పేసింది.

“ఈయన కడుపులో ఒక మాట ఆగుతుందని నాకు ఇవాళ్టిదాకా తెలీదే.”

“నాకు మాత్రం తెలుసా?” అంది కూతురు. రేడియో సిగ్గుపడి మంచినీళ్లు తాగాడు.

మూడు వారాలకు అంకెలు దిగాయి. రెండు నెలలకు కళ్లు తెల్లబడ్డాయి. స్కానింగ్‌లో అడుసు చాలావరకు కరిగింది. మందు మానకూడదని, బహుశా జన్మంతా వెయ్యాల్సి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఉడకబెట్టిన గుమ్మడి ముక్కలు, కొవ్వు లేని కోడిమాంసం తిని దొర నడుము మళ్లీ నిండింది.

రేడియో కబురు చెప్తే దొర మాత్ర మింగుతుందన్న సంగతి వీధిలో పాకింది. ఒకరోజు ఎదురింటి దర్జీ ఆవిడ సంచిలో పిల్లిని పట్టుకొచ్చింది. దానికీ లివరు జబ్బే. రేడియో ధీమాగా ఓ కబురు ఎత్తుకుని దాని గడ్డం పట్టుకున్నాడు. పిల్లి ఆయన మణికట్టు మీద మూడు గీతలు గీసి అద్దం వెనక్కి దూరింది.

అత్తగారు ఆయింటుమెంటు రాస్తూ, “కుక్క వేరు, పిల్లి వేరు అల్లుడుగారూ. దానికి కబుర్లు పనికిరావు. పదండి, దాన్ని తువ్వాల్లో చుడదాం” అంది.

తువ్వాలు ఆవిడే తెచ్చింది. మెడ దాకా చుట్టింది. పిల్లికి నిశ్శబ్దం కావాలని బల్ల మీది వాళ్లందరినీ కళ్లజోడు మీంచి ఒక్క చూపు చూసింది. దుకాణం గప్‌చిప్ అయింది. రెండో ప్రయత్నానికే పిల్లి మాత్ర మింగింది.